ఒడి పిన్ని నిలబడిన రోజు

ఒడి పిన్నికి అసలు పేరొకటి ఉందన్న సంగతి ఆవిడకే అప్పుడప్పుడూ గుర్తుండేది కాదు. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆవిడ రోజూ పొద్దున మొదటి బస్సులో పనికి వెళ్లేది. మొదటి స్టాపులోనే ఎక్కుతుంది కాబట్టి డ్రైవరు వెనక సీట్లో కిటికీ పక్క చోటు ఆవిడదే. మనిషి కాస్త భారీ, ఒడి విశాలం. ఆ ఒడి మాత్రం ఆవిడ సొంతం కాదు, బస్సు మొత్తానిది.

ఆ బస్సులో ఎవరు మొదలుపెట్టారో తెలియని పద్ధతి ఒకటుంది. కూర్చున్నవాళ్లు నిలబడ్డవాళ్ల సంచులు ఒళ్లో పెట్టుకోవాలి. ఇందులో అడగడాలూ బతిమాలడాలూ ఉండవు. ఎక్కిన మనిషి దగ్గర్లో ఉన్న ఒళ్లో సంచి పడేసి పైన కడ్డీ పట్టుకుంటాడు, దిగేటప్పుడు తీసుకుపోతాడు. లోపల ఏముందని అడగడం మర్యాద కాదు. పిన్ని ఒళ్లో పుస్తకాల సంచులు, టిఫిను డబ్బాలు, గొడుగులు, ఓసారి తడి గోనెలో బతికున్న చేపలు, ఇంకోసారి ఓ చంటిపిల్ల కూడా ప్రయాణం చేశాయి. ఆ పిల్ల ఎంత హాయిగా నిద్రపోయిందంటే, లేపడానికి మనసొప్పక వాళ్లమ్మ తన స్టాపు దాటి అవతలి స్టాపులో దిగింది.

పక్క సీటు కుట్టు వదినది. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే దుకాణంలో ఆవిడ పని. ఇద్దరూ ఒకరినొకరు వదినా అనే పిలుచుకునేవారు, ఏ వరసన వదినలయ్యారో ఇద్దరికీ తెలియదు. బరువు సంచులు పిన్నికి, పిల్లల సంచులు వదినకి అని వాటాలు వేసుకున్నారు. ఆ సంచుల మీదుగానే మోకాళ్ల నొప్పుల గురించీ మొగుళ్ల బద్ధకం గురించీ చెప్పుకుంటూ పోయేవారు. మొగుళ్ల బద్ధకం ఎప్పుడూ సగంలోనే ఆగిపోయేది, అంతలో వదిన దిగే స్టాపు వచ్చేసేది.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం పెద్ద బస్టాండులో బెంచీ కింద ఎవరో వదిలేసిన సంచి పేలింది. సగమే పేలిందన్నారు పోలీసులు. ఎవరి అదృష్టమో, ప్రాణాలు పోలేదు గానీ చాలామంది కాళ్లూ చేతులూ విరిగి ఆసుపత్రి పాలయ్యారు. అటు పక్కన టీ తాగుతున్న మన బస్సు కండక్టరుకి ఎడమ చెవి పూర్తిగా వినపడకుండా పోయింది. మర్నాటికల్లా ఆ పని చేసినవాణ్ని పట్టుకున్నారు. ఎక్కడినుంచో ఊడిపడ్డవాడు కాదు. కుట్టు వదిన చిన్నకొడుకు.

ఊరు నోరు వెళ్లబెట్టింది. తల దువ్వుకుని, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని తిరిగే మెతక కుర్రాడు. ఫోనులో ఎవరెవరో ఏవేవో నూరిపోశారట, ఊరు ఊరంతా తనకి శత్రువులని వాడి బుర్రలోకి ఎక్కించారట. పోలీసులు వదిన ఇల్లు తిరగేసి, ఆవిడని తీసుకెళ్లి అడగాల్సినవన్నీ అడిగి, ఆవిడకేమీ తెలియదని తేలాక పంపేశారు. ఆవిడ ఇంటికొచ్చి తలుపేసుకుంది. బస్సెక్కడం మానేసింది.

పిన్నికి మాత్రం లోపల వేరే బాధ పట్టుకుంది. వాడు కాలేజీకి వెళ్లే రోజుల్లో ఇదే బస్సులో వెళ్లేవాడు. ఫుట్‌బోర్డు మీద నిలబడి, "పిన్నీ, పట్టుకో" అని సంచి అందించేవాడు. పిన్ని పట్టుకునేది. ఇప్పుడు ఆ సంచి బరువు తొడల మీద ఇంకా ఉన్నట్టే అనిపించి చీరకుచ్చిళ్లు దులుపుకునేది. అప్పట్లో అందులో పుస్తకాలు తప్ప ఏమీ లేవని తెలుసు. తెలిసినా భయం పోలేదు. దాంతోపాటు వదిన మీద కోపం. అన్నేళ్లు పక్కన కూర్చుని మోకాళ్ల గురించి చెప్పావు గానీ ఇంట్లో కొడుకు ఏమైపోతున్నాడో చెప్పలేదేం అని. ఆ కోపం కింద, ఎవరికీ చెప్పుకోలేనంత బెంగ కూడా ఉంది. ఆవిడ లేకపోతే బస్సు బస్సులా లేదు.

ఇక ఊళ్లో జాగ్రత్తలు మొదలయ్యాయి. వాటి గురించి చెప్పాలంటే డ్రిల్లు మాస్టారితో మొదలుపెట్టాలి. రిటైరైనప్పటినుంచి ఆయనకి వరసలో నిలబెట్టడానికి మనుషులు దొరక్క చేతులు దురద పెడుతున్నాయి. ప్రయాణికుల రక్షణ సంఘం పెట్టి, తనే అధ్యక్షుడై, మెళ్లో విజిల్ వేసుకుని బస్సెక్కాడు. మొదటి నియమం, ఎవరి సంచి వాళ్లే పట్టుకోవాలి. రెండో నియమం, లోపలున్నది పైకి కనపడే ప్లాస్టిక్ సంచులే తేవాలి. మూడోది, మనిషి లేని సంచి కనపడితే విజిల్ వేస్తారు, బస్సు ఆగుతుంది, అందరూ దిగిపోవాలి. కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. అందరికీ భయంగానే ఉంది మరి.

సంచులు ఒకేచోట కొంటే చవకని మాస్టారు టోకున తెప్పించాడు. అన్నీ ఒకటే సైజు, ఒకటే నీలం పిడి. మొదటి వారంలోనే మంగలి దుకాణం తెరిచి గడ్డం గీద్దామని సంచి విప్పితే జీవశాస్త్రం పుస్తకం వచ్చింది. కాలేజీ అమ్మాయి క్లాసులో సంచి విప్పితే గడ్డం బ్రష్షు వచ్చింది. అది చాలదన్నట్టు, ఎవరింట్లో ఏం కూర వండారో బస్సంతా తెలిసిపోవడం మొదలైంది. ఎప్పుడూ ఒకటే కూరేనా అని ఒకరు, రాత్రిదే తెచ్చుకున్నట్టున్నాడని ఇంకొకరు. దాంతో జనం పరువు కాపాడుకోవడానికి సంచి కొత్తదే తెస్తూ, లోపల మాత్రం సమస్తమూ పాత న్యూస్‌పేపర్లో చుట్టడం మొదలెట్టారు. అలా మన రక్షణ సంఘం పుణ్యమా అని ఏమీ కనపడని సంచుల స్థానంలో ఏమీ కనపడని ప్లాస్టిక్ సంచులు వచ్చాయి.

నిలబడ్డవాళ్లు భుజాలకి సంచులు వేలాడదీసుకుని, బ్రేకు పడ్డప్పుడల్లా ఒకరి మొహం మీద ఇంకొకరు కొట్టుకునేవారు. రోజూ తగువులే. వాటి మధ్యలో పిన్ని ఖాళీ ఒడి పెట్టుకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కూర్చునేది. పక్క సీటులో ఎవరు కూర్చున్నా రెండో మాట కలిసేది కాదు. ఇంటికెళ్లి బాబాయి మీద విసుక్కునేది. ఆ పూట తను చేసిన తప్పేమిటో తెలియక బాబాయి ముందుజాగ్రత్తగా అన్నీ ఒప్పేసుకునేవాడు.

ఒకరోజు బస్సు ఊరు దాటి పెద్ద రోడ్డెక్కగానే, అంచున నెత్తి మీద బట్టల మూటతో ఒకావిడ నడిచి వెళుతూ కనపడింది. వదిన. యూనిఫారాల దుకాణానికి నడిచే వెళుతోంది. బస్సు పక్కనుంచి వెళుతుంటే ఆవిడ మొహం పొలాల వైపు తిప్పుకుంది. బస్సులో అందరికీ ఒక్కసారిగా అవతలి కిటికీలో ఏదో చూడాల్సిన పని పడింది. పిన్ని కూడా అటే చూసింది. చూశాక ఆవిడకి ఒళ్లు మండింది, తన మీదే. మర్నాడూ వదిన కనపడింది, ఆ మర్నాడూ కనపడింది. మండుటెండల్లో ఆ దూరం నడిస్తే ఆవిడ మోకాళ్లు ఏమవుతాయో పిన్నికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

సంఘం సమావేశం మంగలి దుకాణంలో జరిగినప్పుడు పిన్ని ఆ మాట తెచ్చింది. ఆవిడని బస్సెక్కనిద్దామా అని అడిగింది. ఎవరూ వద్దనలేదు. వెళ్లి ఎక్కమని ఎవరు చెబుతారంటే మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. ఆవిడెక్కితే తాము దిగిపోతామని వెనకనుంచి ఒకరిద్దరు గొణిగారు. సంచి తనిఖీ చేసి ఎక్కించవచ్చునని డ్రిల్లు మాస్టారన్నాడు. పిన్ని అందర్నీ వదిలేసి కండక్టరు కుడి పక్కకి వెళ్లి కూర్చుంది.

"దెబ్బ తగిలింది నీకు. వీళ్లందరూ ఏమన్నా నాకనవసరం. నువ్వు చెప్పు" అంది.

కండక్టరు ఎదుటి అద్దంలో చూసుకుంటూ ఎడమ చెవి తడుముకున్నాడు. "వాడు కనపడితే పళ్లు రాలగొడతాను పిన్నీ. ఆవిడ కనపడితే ఏం చెయ్యాలో నాకు తెలీదు. రోజూ రోడ్డు మీద చూస్తున్నాను కదా, ఆపమని బెల్లు కొట్టడానికి చెయ్యి రాదు, పోనిమ్మనడానికీ మనసు రాదు. చెయ్యెత్తి ఆపితే ఆపుతాను. అంతకంటే నన్నడక్కు."

అంతకంటే అడగడానికి పిన్నికీ మొహం చెల్లలేదు.

మర్నాడు పొద్దున ఆవిడ బస్టాపుకి వెళ్లే దారి వదిలేసి వదిన ఉండే సందులోకి తిరిగింది. అంతకుముందు రెండుమూడుసార్లు ఆ సందు మలుపు దాకా వచ్చి వెనక్కి పోయిన మనిషే. ఈసారి తలుపు కొట్టింది. మూట నెత్తికెత్తుకోబోతున్న వదిన తలుపు తీసి, పిన్నిని చూసి, చీర చెంగు భుజం మీదికి లాక్కుంది. మనిషి చిక్కి సగమైంది.

"బస్సు వెళ్లిపోతుంది వదినా, పరిగెత్తు" అంది వదిన.

"పోనీ. ఇవాళ నీతో నడుస్తాను. డాక్టరు ఎప్పటినుంచో నడవమంటున్నాడు" అంది పిన్ని.

డాక్టరు ఇంటి చుట్టూ నడవమన్నాడు గానీ ఊరు దాటమనలేదు. ఊరి చివర స్టాపు కనపడేసరికి పిన్నికి ఆయాసం వచ్చి మాట ఆగిపోయింది. మాట రాకపోవడమే మంచిదైంది. ఇన్నాళ్లనుంచి దాచుకున్న కోపం తీరా మనిషి పక్కన నడుస్తుంటే ఎక్కడా దొరకలేదు. వదినే మెల్లగా చెప్పింది. వాడు రాత్రిళ్లు అన్నం తినడం మానేస్తే ప్రేమ వ్యవహారమేమో అనుకుందట. పిల్ల ఎవరో చెబితే వెళ్లి మాట్లాడదామని చూసిందట. అది విని పిన్ని రోడ్డు మీదే ఆగిపోయి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

ఇక్కడ వీళ్లు నడుస్తుంటే అక్కడ బస్సులో గందరగోళం. పిన్ని ఎక్కకుండా ఆ బస్సు బయల్దేరడం ఎవరూ ఎరగరు. వెనక పరిగెత్తుకొస్తుందేమో, తర్వాతి స్టాపులో ఎక్కుతుందేమోనని మంగలి తన సంచి ఆవిడ సీట్లో పెట్టి చోటు ఆపాడు. ఊరి చివర స్టాపులో అగ్గిపెట్టె కోసం కిందికి దిగాడు. కిటికీ పక్క సీట్లో మనిషి లేని సంచి, అందులో న్యూస్‌పేపరు పొట్లం. ఇన్నాళ్లూ విజిల్ మెళ్లో వేసుకుని మోసిన డ్రిల్లు మాస్టారికి ఇంతకంటే ఏం కావాలి? ఊదాడు. బస్సంతా తలుపులోంచీ కిటికీల్లోంచీ రోడ్డు మీద పడింది.

పిన్నీ వదినా అక్కడికి వచ్చేసరికి ఖాళీ బస్సు నడిరోడ్డు మీద నిలబడి ఉంది, జనమంతా అవతల గట్టు వెనక ఉన్నారు. వదినని చూడగానే అన్ని కళ్లూ ఆవిడ మీదికి తిరిగాయి. వదిన వెనక్కి తిరగబోయింది. పిన్ని ఆవిడ చెయ్యి వదల్లేదు. అంతలో కిళ్లీకొట్టు దగ్గర్నుంచి మంగలి నోట్లో బీడీతో తాపీగా వచ్చి, బస్సెందుకు ఖాళీ అయిందో తెలియక, సీటు దొరికింది కదా అని ఎక్కబోయాడు. బస్సులో బాంబుందిరా అని నలుగురు అరిచారు. ఎక్కడ అన్నాడు. పిన్ని సీట్లో అన్నారు. "అది నా కత్తెర్ల సంచి" అన్నాడు మంగలి. మరి పేపర్లో చుట్టావేం అని మాస్టారు గద్దించాడు. కింద మా ఆవిడ పెట్టిన కూర ఉంది, నిన్నటిదని మీరంతా నవ్వుతారని చుట్టానన్నాడు.

ముందు నవ్వింది కాలేజీ అమ్మాయి. తర్వాత డ్రైవరు. తర్వాత ఇంకెవరూ ఆగలేకపోయారు. గట్టు మీదినుంచి దూకడంలో చెప్పు తెగినవాళ్లూ మోచెయ్యి గీరుకున్నవాళ్లూ కూడా పొట్టలు పట్టుకుని నవ్వారు. భయపడి భయపడి అలిసిపోయిన మనుషులు నవ్వే నవ్వు అది. మాస్టారు కాసేపు బిగపట్టి, విజిల్ జేబులోకి తోసేసి ఆయనా నవ్వాడు.

ఆ నవ్వుల్లో పిన్ని వదినని వెనకనుంచి ఒక్క తోపు తోసి బస్సెక్కించింది. బస్సు ఖాళీగా ఉంది కదా, వదిన గాభరాలో ఎప్పటి అలవాటునో తన పాత సీట్లోనే కూలబడి, మూట సీటు కిందికి తోసేసింది. వెనకే జనం ఎక్కారు. ఆవిడని చూసి నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అన్ని సీట్లూ నిండాయి, ఆవిడ పక్కది తప్ప. గొణిగినవాళ్లెవరూ దిగిపోలేదు గానీ ఆ సీట్లోకీ రాలేదు. నడవాలో మనుషులు నిలబడ్డారు. వదిన ఒడి ఖాళీగా ఉంది. ఆవిడ రెండు చేతులూ దాని మీద పెట్టుకుని కిందికి చూస్తూ కూర్చుంది.

పిన్ని చివర ఎక్కింది. పక్క సీటు ఉంది, కూర్చోవచ్చు. మోకాళ్లు కూర్చోమని మొత్తుకుంటున్నాయి. కూర్చుంటే సంచి పట్టుకునే మనిషి అవుతుంది, నిలబడితేనే సంచి ఇచ్చే మనిషి అవుతుంది. పిన్ని ఆ సీట్లోకి కాలేజీ అమ్మాయిని నెట్టి, తను కడ్డీ పట్టుకుని, తన సంచి తీసి వదిన ముందు చాపింది.

"కాస్త ఈ సంచి పట్టుకో వదినా."

బస్సు బయల్దేరింది. వదిన చేతులు రాలేదు. "నాకెందుకిస్తావు వదినా, వద్దు" అంది. ఆ మాట నడవాలో అందరికీ వినపడింది.

"నిలబడ్డాను, కనపడట్లేదా? బరువుగా ఉంది, పట్టుకో" అంది పిన్ని, కొంచెం కసిరినట్టుగానే.

వదిన పట్టుకుంది. రెండు చేతుల్తో, పొట్టకి ఆనించుకుని పట్టుకుంది. మాస్టారు దగ్గాడు గానీ మొదటి నియమం ఎవరికీ గుర్తు చెయ్యలేదు. కాసేపటికి మంగలి, నా మూలంగానే కదా ఇంత గొడవంటూ కత్తెర్ల సంచి ఆవిడ ఒళ్లో పెట్టాడు. పెద్ద మలుపులో బ్రేకు పడ్డప్పుడు ఎవరి సంచో ఎవరి ముక్కుకో తగిలింది. తగిలినాయన తిట్టి, తగిలించినాయన సంచి లాక్కుని తనే తెచ్చి వదిన ఒళ్లో పడేశాడు. తర్వాత లెక్క తెలియలేదు. వదిన గడ్డం దాకా సంచులు వచ్చేశాయి.

కండక్టరు టిక్కెట్లు కొడుతూ అక్కడికి వచ్చాడు. సంచుల వెనకనుంచి వదిన ఏదో అంది. అతనికి ఎడమ పక్కన అంది, వినపడలేదు. అతను కుడి చెవి ఇటు తిప్పి వంగాడు. ఆవిడ మళ్లీ గట్టిగా అనాల్సి వచ్చింది. "వాడు నీకు చేసినదానికి నేనేం చెప్పినా సరిపోదు నాయనా."

కండక్టరు చేతిలో టిక్కెట్ల కట్ట సర్దుకున్నాడు. సరిపోతుందని అతననలేదు. "ఎక్కడికి?" అన్నాడు. దుకాణం స్టాపు పేరు చెప్పింది. టిక్కెట్టు చించి, ఆవిడకి చేతులు ఖాళీ లేవని పైన ఉన్న సంచి మీద పెట్టి ముందుకెళ్లాడు.

ఆవిడ స్టాపు వచ్చింది. దిగాలంటే ఒళ్లో ఉన్నవన్నీ పంచాలి. ఇది మీదేనా, ఇది నీదేనా అమ్మాయీ అంటూ నీలం పిడులన్నీ ఎవరివి వాళ్లకి అందించి, పిన్నిని తన సీట్లో కూర్చోబెట్టి, మిగిలినవి కాలేజీ అమ్మాయి ఒళ్లోకీ పిన్ని ఒళ్లోకీ తోసి, అందరికీ ఆలస్యమవుతోందని కంగారుగా దిగేసింది. కండక్టరు బెల్లు కొట్టాడు. బస్సు కదిలింది. అప్పుడు పిన్ని కాలికి సీటు కింద మెత్తగా ఏదో తగిలింది. వంగి చూస్తే వదిన బట్టల మూట.

పిన్ని కాలు వెనక్కి లాక్కుంది. ఆ తల్లి కొడుకు బస్టాండులో సంచి వదిలేశాడు. ఇప్పుడు ఆ తల్లి బస్సులో మూట వదిలేసి దిగింది. కిటికీలోంచి చూస్తే వదిన అప్పటికే గుర్తొచ్చి రోడ్డు మీద నిలబడిపోయి ఉంది. కేకెయ్యడానికి కూడా భయపడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని బస్సు వంక చూస్తోంది. ఆ మూటని పిన్ని చూసినట్టే అందరూ చూశారు. మాస్టారి చెయ్యి జేబు మీదికి వెళ్లింది.

"ఓయ్, ఆపవయ్యా బస్సు! ఆవిడ మూట మర్చిపోయింది!" అన్నాడు మాస్టారు.

బస్సు ఆగింది. పిన్ని మూట పైకెత్తేలోపే మంగలి అందుకున్నాడు, మంగలి దగ్గర్నుంచి ముక్కుకి దెబ్బ తగిలినాయన, ఆయన దగ్గర్నుంచి ఎవరో, ఇంకెవరో. మూట తలల మీదుగా చేతులు మారుతూ తలుపు దాకా వెళ్లింది. అక్కడ కండక్టరు దాన్ని అందుకుని, మెట్టు మీదికి దిగి, పరిగెత్తుకొచ్చిన వదిన చేతుల్లో పెట్టాడు.

"చూసుకుని దిగాలి కదమ్మా" అన్నాడు.

గొడుగు మర్చిపోయినవాళ్లతో, క్యారియరు మర్చిపోయినవాళ్లతో రోజూ అనే మాటే, అదే విసుగుతో అన్నాడు. వదిన మూట పట్టుకుని తలూపింది. బెల్లు కొట్టాడు. వదిన సీట్లో పిన్ని, ఒళ్లో ఎవరెవరివో సంచులు పెట్టుకుని, చెంగుతో కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక అలాగే గట్టిగా ఏడ్చేసింది.